కారు నంబరు పలక – దానిని పట్టియుంచు స్క్రూ

ఇంటిలో వేయి రూపాయల వస్తువు పోయినచో మూలమూలలు వెదకుదుము. పది రూపాయల వస్తువు పోయినచో పోనిమ్మని ఊరకుందుము. అయితే ఆ పది రూపాయల వస్తువు తాను పోవుచు మన పేరును కూడ వెంటగొని పోయినచో ఏమి చేయవలెను? ఈ ప్రశ్న ఒక వానకాలమున మాకు ఎదురైనది. దానికి సమాధానము వెదకుచు తెలిసికొన్న సంగతులను నేడు శ్రోతలకు మనవి చేయదలచితిమి. విషయము చాల చిన్నది. కారు నంబరు పలకను బండికి పట్టియుంచు మరమేకు, అనగా మనమందరము స్క్రూ అని పిలుచు వస్తువు, ఎట్టిదై యుండవలెను, దానిని ఎట్లు ఎన్నుకొనవలెను అనునదే నేటి ప్రసంగము.

మా నివాసము విశాఖపట్టణము. ఒకనాటి సాయంకాలము కుండపోతగా వాన కురిసినది. ఇంటికి వచ్చు త్రోవలో రైలు వంతెన క్రింద బంపరును తాకునంత నీరు నిలిచియుండెను. ముందు పోవు బండ్లు దాటుచుండుట చూచి మేమును ధైర్యము చేసి దాటితిమి. అది ధైర్యము కాదు, తొందరపాటు అని మరునాడు తెలిసినది. ఉదయమున పొరుగింటి చిన్నది బడికి పోవుచు గేటువద్ద నిలిచి, “తాతగారూ, మీ కారుకి ముందు నంబరేదీ?” అని అడిగినది. బయటికి వచ్చి చూతుము గదా, బంపరుపై రెండు రంధ్రములు మాత్రము మిగిలియున్నవి. పలక లేదు. పలకను పొదిగిన ప్లాస్టిక్ చట్రమును లేదు.

పోలీసు ఠాణాకు పోయి వ్రాతమూలకముగా తెలియజేసి వచ్చితిమి. అయినను రెండు రాత్రులు నిద్ర సరిగా పట్టలేదు. పలక వెల ఎంత అను చింత మాకు లేదు. అది ఎవరి చేతికి చిక్కినదో అనునదే చింత. మా నంబరు తగిలించుకొని మరియొక బండి ఊరిలో తిరుగుచుండవచ్చును. అది ఎర్రదీపమును లెక్కచేయక దూసికొని పోవచ్చును, ఎవరినైన గ్రుద్ది పారిపోవచ్చును. నేడు కూడళ్ళలో నిలిచి నంబర్లను చదువుచున్నవి కెమెరాలు. వానికి మా ముఖము తెలియదు, మా గుణము తెలియదు. పలకపైనున్న అక్షరములే తెలియును.

మూడవనాడు వంతెన దాపుననున్న టీకొట్టు ఆసామి మా పలకను తన బల్లకు ఆనించి పెట్టియుంచినాడని తెలిసి పోయితిమి. అతడు దానిని తుడిచి చేతికిచ్చుచు, “రాత్రి వరదలో కొట్టుకొచ్చింది బాబుగారూ, ఎవరిదో వస్తారులే అని దాచాను” అనెను. మేము పలకను త్రిప్పి చూచితిమి. అప్పుడు మాకు ఆశ్చర్యము కలిగించిన సంగతి ఒకటి కనబడినది. పలకకు ప్రభుత్వ నిబంధన ననుసరించి వేసిన రెండు లాకులును చెక్కు చెదరక యున్నవి. పలకను చట్రమునకు అవి గట్టిగా పట్టియే యున్నవి. తెగిపోయినవి చట్రమును బంపరునకు బిగించిన రెండు చిన్న స్క్రూలు. తుప్పు తిని, అగ్గిపుల్లవలె సన్నగిలి, నీటి తాకిడికి విరిగినవి. పెట్టెకు తాళము గట్టిదే, కాని పెట్టెను గోడకు కట్టిన త్రాడు పుచ్చిపోయినది!

మా ప్రసంగమునకు మూలమైన సంగతి ఇదియే. తాళమును గూర్చి అందరును ఆలోచించిరి. త్రాడును గూర్చి ఆలోచింపవలసినవారము మనము.

ఈ పలకకు ఇంత ప్రాముఖ్యము ఎట్లు వచ్చినదో మొదట చూతము. బండికి గుర్తు పలక తగిలింపవలెనని తొలుత ఆజ్ఞాపించినది ఫ్రాన్సుదేశపు రాజధాని పారిస్ నగరము. అది 1893వ సంవత్సరము. ఇంగ్లండులో 1903లో చట్టము చేసి, 1904 జనవరి 1వ తేదీనుండి అమలుపరచిరి. గుఱ్ఱపుబండి వాడు ఏదైన తప్పు చేసినచో వీధిలోనివారు వానిని గుర్తుపట్టగలిగిరి. దుమ్ము రేపుకొని క్షణములో మాయమగు మోటారువానిని గుర్తుపట్టుటకు నంబరు తప్ప వేరు దారి లేకపోయెను. మనదేశములో నేడు అమలులోనున్నది 1988 నాటి మోటారు వాహనముల చట్టము, దాని ననుసరించి 1989లో వెలువడిన కేంద్ర నిబంధనలు. ఈ నిబంధనలను 2001లో సవరించి, మనము నేడు హై సెక్యూరిటీ పలక అని పిలుచు పలకను ప్రవేశపెట్టిరి. 2019 ఏప్రిల్ 1వ తేదీనుండి తయారగు క్రొత్త బండ్లన్నిటికి ఈ పలక తయారీదారుల మూలముననే సమకూరవలెనని ఏర్పాటైనది.

ఈ పలకను ఒకమారు దగ్గరగా పరిశీలింపుడు. ఇది 1 మిల్లీమీటరు మందము గల అల్యూమినియపు రేకు. కార్లకు సాధారణముగ 500 మిల్లీమీటర్ల పొడవు, 120 మిల్లీమీటర్ల వెడల్పు ఉండును. కొన్ని బండ్లకు 340కి 200 కొలతగల పలక వేయుదురు. ఎడమవైపున అశోకచక్రముగల చిన్న హోలోగ్రాము, లేజరుతో చెక్కిన సంఖ్య, ఉబికించిన అక్షరములు ఉండును. ఇవి అన్నియు దొంగ పలకలను అరికట్టుటకు చేసిన ఏర్పాట్లు. అందుచేతనే మా భయము రెండింతలైనది. దొంగ పలకను పట్టుకొనుటకు ఇన్ని గుర్తులున్నవి. నిజమైన పలకయే పరుల చేతికి పోయినచో ఈ గుర్తులన్నియు వారికే సాక్ష్యము పలుకును గదా!

వెనుక పలకను ఒకసారి బిగించిన పిదప విప్పుటకు గాని, మరల వాడుటకు గాని వీలులేని స్నాప్ లాకుతో బిగింపవలెనని నిబంధన. ఆచరణలో ముందు పలకకును ఇట్టివే వేయుచున్నారు. ఇది స్క్రూ కాదు. లోనికి పోవును గాని వెనుకకు రాదు. త్రెంచినగాని ఊడదు. త్రెంచినది మరల పనికిరాదు. బంపరు బాగుచేయునప్పుడు కొందరు మెకానిక్కులు ఈ లాకులను త్రెంచి, వాని స్థానమున చేతికి దొరికిన స్క్రూలను బిగించి పంపుదురు. ఇది తగదు. లాకు తెగినప్పుడు బండి అమ్మిన సంస్థవారి చేతనో, అనుమతిగల ఇతరుల చేతనో క్రొత్త లాకు వేయించుకొనవలెను. ఆ చోట స్క్రూను ఎన్నుకొను స్వేచ్ఛ మనకు లేదు.

మరి మనము ఎన్నుకొనవలసినది ఎక్కడ? లాకు పలకను చట్రమునకు పట్టియుంచును. చట్రమును బంపరునకో, డిక్కీ తలుపునకో పట్టియుంచునది స్క్రూ. అక్కడ ఏ స్క్రూ వేసినారో చాలమంది యజమానులు ఏనాడును చూచియుండరు. బండిని ఇంటికి తెచ్చుకొను సంతోషములో దానిని చూచుటకు తీరిక ఎవరికుండును? మేమును చూడలేదు.

స్క్రూను ఎన్నుకొనుటకు ముందు రంధ్రమును చూడవలెను. రంధ్రమును బట్టి స్క్రూగాని, స్క్రూను బట్టి రంధ్రము కాదు. రంధ్రములు సాధారణముగ మూడు విధములు. లోపల మరచుట్లు గలది మొదటిది. ఈ చుట్లను మెకానిక్కులు త్రెడ్డు అందురు. దీనికి మొనలేని, మొదటినుండి చివరవరకు ఒకే లావుగల స్క్రూ కావలెను. రెండవది చుట్లు లేని వట్టి ప్లాస్టిక్ రంధ్రము. దీనికి తన దారి తానే కోసికొని పోవు, దూరదూరముగ చుట్లు గల సెల్ఫ్ టాపింగ్ స్క్రూ వేయుదురు. మూడవది ఆరుపారు రంధ్రము. వెనుకనుండి చేయి పోవును గనుక దీనికి బోల్టు, నట్టు వేయవచ్చును. మూడింటిలో గట్టిది ఇదియే.

చుట్లు గల రంధ్రములో లావు సరిపోయినంత మాత్రమున చాలదు, చుట్టుకును చుట్టుకును నడుమ దూరము కూడ సరిపోవలెను. ఈ దూరము దేశమునకొక విధముగ, కర్మాగారమునకొక విధముగ ఉండు కాలమున 1841లో ఇంగ్లండులో జోసెఫ్ విట్‌వర్త్ అను ఇంజనీరు అందరికి ఒకే కొలత ఉండవలెనని ఒక పట్టిక ప్రతిపాదించెను. 1864లో అమెరికాలో విలియం సెల్లర్స్ మరియొక పట్టిక ప్రతిపాదించెను. విట్‌వర్త్ చుట్టు కోణము 55 డిగ్రీలు, సెల్లర్స్ చుట్టు కోణము 60 డిగ్రీలు. ఒకదాని స్క్రూ మరియొకదాని నట్టులో సరిగా కూర్చుండదు. పిమ్మట మెట్రిక్ కొలతలు ప్రపంచమున చాల భాగమునకు వ్యాపించినవి. నేడు మనదేశములో కార్లపై కనబడునవి ప్రధానముగ మెట్రిక్ స్క్రూలే.

ఒక ఉదాహరణ చెప్పుదుము. ఎం 6 అను స్క్రూ లావు 6 మిల్లీమీటర్లు, చుట్ల నడుమ దూరము 1 మిల్లీమీటరు. పాత కొలత ప్రకారము పావు అంగుళము స్క్రూ లావు 6.35 మిల్లీమీటర్లు, అంగుళమునకు 20 చుట్లు, అనగా చుట్ల నడుమ దూరము 1.27 మిల్లీమీటర్లు. అరచేతిలో పెట్టుకొని చూచినచో రెండును కవలలవలె కనబడును. పావు అంగుళము స్క్రూను ఎం 6 రంధ్రములో బలవంతముగ త్రిప్పినచో రంధ్రములోని చుట్లు అరిగి పాడగును. ఎం 6 స్క్రూను పావు అంగుళము రంధ్రములో వేసినచో వదులుగ తిరిగి, ఒకటి రెండు చుట్లమీద వ్రేలాడుచు, బిగిసినట్లు నటించును. రెండవది మరింత ప్రమాదకరము. ఏలనన, పాడైనట్లు తెలియదు. వ్రేళ్ళతో త్రిప్పినప్పుడు మూడు నాలుగు చుట్లు తేలికగ పోని స్క్రూ ఆ రంధ్రమునకు చెందినది కాదని గుర్తుంచుకొనిన చాలును. స్క్రూడ్రైవరు తీయవలసినది ఆ తరువాత.

సెల్ఫ్ టాపింగ్ స్క్రూను గూర్చి ఒక చిన్న కిటుకు గలదు. ప్లాస్టిక్ రంధ్రములో ఒకసారి వేసి తీసిన స్క్రూను మరల వేయునప్పుడు, ముందుగా దానిని ఎడమవైపునకు, అనగా విప్పు దిశలో, మెల్లగ త్రిప్పవలెను. ఒకచోట అది చిన్నగ టక్కుమని పాత గాడిలో పడును. అప్పుడు కుడివైపునకు త్రిప్పి బిగింపవలెను. ఇట్లు చేయక నేరుగ బిగించినచో ప్రతిమారు క్రొత్త గాడి కోసి, నాలుగు మారులలో రంధ్రమును గుల్ల చేయును. అట్లు గుల్లయైన రంధ్రమునకు లావు స్క్రూ వేయుటకంటె, వీలైనచోట ఆరుపారుగ బోల్టు, నట్టు వేయుట మేలు.

ఇక పొడవు. దీనిని ఊహతో గాక లెక్కతో తేల్చుకొనవలెను. చట్రము మందము 3 మిల్లీమీటర్లు, వాషరు ఒకటిన్నర, వెనుక రబ్బరు పట్టీ వేసినచో మరి రెండు, మొత్తము ఆరున్నర అనుకొందము. లోహపు రంధ్రములో స్క్రూ తన లావుకు సమానమైనంత లోతైనను దిగవలెను. ఎం 6 అయినచో 6 మిల్లీమీటర్లు. రెండును కలిసి పన్నెండున్నర. అంగడిలో 10, 12, 16, 20 మిల్లీమీటర్ల పొడవులు దొరకును. కాబట్టి 16 తీసికొనవలెను. 12 వేసినచో చాలీచాలక పట్టును. 25 వేసినచో ఏమి కొంప మునుగును అందురేమో! డిక్కీ తలుపు లోపల నంబరు దీపమునకు పోవు తీగలుండును. పొడవైన స్క్రూ మొన వానిని గీరుచుండును. బంపరు వెనుకనుండు భాగములకును హాని కలుగవచ్చును. ప్లాస్టిక్ లోహమంత గట్టిది కాదు గనుక దానిలో దిగు స్క్రూకు ఇంకను కొంత ఎక్కువ పట్టు కావలెను. అయినను రంధ్రము వెనుక ఏమున్నదో చూడకుండ పొడవు పెంచరాదు.

లోహము విషయము మా స్వానుభవమునకు చెందినది. మా చట్రమునకు వేసినవి జింకు పూత పూసిన మామూలు ఉక్కు స్క్రూలు. జింకు తాను కరుగుచు ఉక్కును కాపాడును. ఉన్నంతకాలము అది నమ్మకమైన కావలివాడు. కాని సముద్రపుగాలి వీచు విశాఖ, కాకినాడ, మచిలీపట్నము వంటి ఊళ్ళలో ఆ పూత త్వరగా హరించిపోవును. తరువాత తుప్పు పట్టుట ఆగదు. ఇట్టి ఊళ్ళలో స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలు వాడుట మంచిది. తలపై ఎ 2 అను గుర్తు గలది సాధారణ రకము. ఎ 4 అను గుర్తు గలదానిలో మాలిబ్డినమను లోహము కూడ కలియుటచే ఉప్పుగాలికి మరింత తట్టుకొనును. గుర్తు లేని స్క్రూను స్టెయిన్‌లెస్ అని అమ్మినప్పుడు ఒక పరీక్ష చేయవచ్చును. పాత లౌడుస్పీకరు నుండి తీసిన అయస్కాంతము ఇంటిలో ఉన్నచో దగ్గర పెట్టి చూడుడు. మామూలు ఉక్కు ఎగిరి అంటుకొనును. ఈ రకపు స్టెయిన్‌లెస్ స్టీలు అంటుకొననే అంటుకొనదు, లేదా అంటీ అంటనట్లుండును.

స్టెయిన్‌లెస్ స్టీలులో ఒక చిక్కు లేకపోలేదు. అది అల్యూమినియమును నేరుగ తాకుచు, నడుమ ఉప్పునీరు చేరినచో, ఆ మూడును కలిసి చిన్న బ్యాటరీవలె పనిచేయును. ఆ బ్యాటరీలో కరిగిపోవునది అల్యూమినియము. రంధ్రము చుట్టును తెల్లని పొడి కనబడినచో ఈ పని జరుగుచున్నదని గ్రహింపవలెను. రాగి, ఇత్తడి స్క్రూలతో ఈ బాధ ఇంకను ఎక్కువ గనుక వానిని అల్యూమినియమునకు దూరముగ ఉంచవలెను. దీనికి విరుగుడు చాల సులభము. అల్యూమినియమును తాకు అవకాశమున్నచోట తల క్రింద ఒక నైలాను వాషరు వేసినచో లోహమునకును లోహమునకును నడుమ అడ్డుగోడ ఏర్పడును. ఆ వాషరు చట్రము పగులకుండ కూడ కాపాడును. స్టెయిన్‌లెస్ బోల్టుకు స్టెయిన్‌లెస్ నట్టే వేయునప్పుడు చుట్లపై చుక్క గ్రీజు రాయుట మరువరాదు. లేనిచో రెండును ఒకదానినొకటి కరచుకొని, విప్పబోవునప్పుడు మొండికెత్తును.

తుప్పు పట్టకపోయినను స్క్రూ వదులై పోవుట మరియొక బాధ. గతుకుల దారిలో బండి అదురుచుండును గనుక వదులైనదని అనుకొందుము. నిజమే గాని ఏ విధమైన అదురు అనునది తెలిసికొనవలెను. 1969లో గెర్హార్డ్ యుంకర్ అను జర్మను ఇంజనీరు పరిశోధించి ఒక సంగతి నిరూపించెను. బిగించిన రెండు వస్తువులు ఒకదానిపై నొకటి అడ్డముగ ఇటునటు జరుగుచుండినచో స్క్రూ తనంతట తానే తిరిగి విప్పుకొనునట! స్క్రూ వాలుదారిలో నిలిపిన బరువు వంటిది. రాపిడియే దానిని ఆపుచున్నది. ప్రక్కకు జరిగినప్పుడెల్ల ఆ రాపిడి పట్టు సడలును, స్క్రూ ఒక వెంట్రుకవాసి జారును.

ఇందువలన మనము నేర్చుకొనవలసినది ఏమనగా, స్క్రూను మరింత బిగించుటకంటె పలక కదలకుండ చేయుట ముఖ్యము. చట్రము వెనుక పలుచని రబ్బరు పట్టీ అంటించినచో కదలిక తగ్గును, టపటప చప్పుడును పోవును. బోల్టుకు లోపల నైలాను ఉంగరము గల నట్టు వేయవలెను. దీనిని అంగడిలో నైలాక్ నట్టు అని అడుగవచ్చును. ఆ ఉంగరము చుట్లను కౌగిలించుకొని వదలదు. స్ప్రింగు వాషరును చాలమంది నమ్ముదురు గాని, అడ్డపు కదలికను అది ఆపలేదని పరీక్షలలో తేలినది. స్క్రూ మొన కనబడుటకై కండబలము ఉపయోగింపవలదు. పొట్టి పిడిగల స్క్రూడ్రైవరుతో మణికట్టు బలము చాలును. చట్రము వంగుట మొదలైనచో చాల ఎక్కువ బిగించినట్లే.

స్క్రూ తలను గూర్చి కూడ ఒక మాట. అది ఏ అక్షరమును కప్పరాదు, ఏ అంకెకును అతుకరాదు. బ్రిటనులో కార్ల ముందు పలక తెలుపు, వెనుక పలక పసుపు. అక్కడ పలకలను స్క్రూతోనో, జిగురు పట్టీతోనో యజమానులే తగిలించుకొనుట కలదు. స్క్రూపై పలక రంగుకు తగిన టోపీ పెట్టుదురు. రెండు నిలువు గీతల నడుమ నల్లని టోపీ పెట్టినచో వేరొక అక్షరమువలె కనబడును. అట్లు అక్షరము మార్చి చూపుట అక్కడ నేరము. మనదేశములోను నంబరు స్పష్టముగ చదువుటకు వీలుండవలెననియే నిబంధనల ఉద్దేశము.

అమెరికాలో నివసించుచున్న మన తెలుగువారికి స్క్రూ ఎన్నిక మరింత దగ్గరి విషయము. అక్కడ రాష్ట్రమువారు పలకను ఇత్తురు, దానిని తగిలించుట చాలవరకు యజమాని పని. వేరొక రాష్ట్రమునకు మారినచో పలకయు మారును. పలక కొలత 12 అంగుళములకు 6 అంగుళములుగ 1956లో ఏకరూపమునకు వచ్చినది. దానితో రంధ్రములు ఏ కారుకైనను సరిపోవును. కాని రంధ్రము వెనుకనున్న చుట్లు అట్లు కావు. జపాను కారులో తరచుగ ఎం 6, అమెరికా కారులో తరచుగ పావు అంగుళము లేక సెల్ఫ్ టాపింగ్ స్క్రూ. మేము పైన చెప్పిన కవలల చిక్కు ఇక్కడనే వచ్చును. పలకల దొంగలకు భయపడి కొందరు బిగియుటయే గాని విప్పుటకు రాని తలగల స్క్రూలను, నడుమ సూదిగల ప్రత్యేకపు తలలను వాడుదురు. ఇవి దొంగను ఆలస్యము చేయునే గాని ఆపివేయవు. అతడును అంగడికి పోయి ఆ పానాను కొనగలడు గదా! అయినను చీకటిలో ఆలస్యము కూడ ఒక రక్షణయే.

మా పలక వానలో పోయిన సంగతి అరుదైనదని అనుకొనరాదు. 2024 ఏప్రిల్ 16వ తేదీన దుబాయి, షార్జా ప్రాంతములలో మునుపెన్నడు ఎరుగని వర్షము కురిసినప్పుడు, వీథులలో నిలిచిన నీటిలో ఎన్నో కార్ల నంబరు పలకలు ఊడిపోయినవి. నీరు తీసిన పిదప జనులు వానిని ఏరి త్రోవ ప్రక్కన పేర్చిరి. బండి నీటిని చీల్చుకొని పోవునప్పుడు నీరు పలక వెనుకకు దూరి దానిని పెల్లగించును. అక్కడ మన తెలుగువారు వేలకొలది కార్లు నడుపుచున్నారు. ఆ వరుసలలో తమ పలకను వెదకుకొన్నవారు ఎవరైన ఈ ప్రసంగము వినుచుండవచ్చును.

ఇంతకును చేయవలసిన పని ఎంత? వానకాలమునకు ముందు ఒకమారు, తరువాత ఒకమారు, ఏదో ఒక ఆదివారము ఉదయమున పావుగంట తీరిక చేసికొనుడు. పలక అంచును రెండు వ్రేళ్ళతో పట్టి మెల్లగ కదల్చుడు. చప్పుడైనచో ఏదో వదులైనది. పలక చట్రములో కదలుచున్నచో లాకు లోపము. అది మనము ముట్టవలసినది కాదు, సంస్థవారికి చూపవలెను. చట్రముతో సహా కదలుచున్నచో స్క్రూ లోపము. స్క్రూలను ఒక్కొక్కటిగ విప్పి చూడుడు. రెండును ఒకేసారి తీయవలదు. తుప్పు ఎర్రగ కనబడినచో, చుట్లు అరిగినచో, తల గాడి పాడైనచో మార్చివేయుడు. పాతదానిని వెంటగొని పోయి అంగడిలో చూపినచో లావు, చుట్టు సరిపోల్చి ఇత్తురు. ఒకటి మార్చవలసివచ్చినచో జతగా రెండును మార్చుట మంచిది. రెండును ఒకే వాన తిన్నవి గదా!

ఒకవేళ పలక పోయినచో మరునాటికి వాయిదా వేయక పోలీసులకు తెలుపుడు. ఆ ఫిర్యాదు నకలును భద్రపరచుకొని, రవాణాశాఖ నిర్ణయించిన పద్ధతిలో క్రొత్త పలకకు దరఖాస్తు చేసికొనుడు. రంగులు వేయువానిచేత ఒక రేకుమీద నంబరు వ్రాయించి తగిలించుకొని తృప్తిపడవలదు. మన పేర మరియొక బండి తిరుగుచున్నచో, మనము ఏ దినమున తెలియపరచితిమో ఆ కాగితమే మనకు రక్ష.

పలక తిరిగి దొరికిన సంగతిని మేము ఠాణాలో తెలియజేసి వచ్చితిమి. పలకకును లాకులకును హాని కలుగలేదు గనుక చట్రమును మాత్రము మరల బిగింపవలసియుండెను. ఎ 4 గుర్తుగల ఎం 6 బోల్టులు రెండు, నైలాను వాషర్లు రెండు, నైలాక్ నట్లు రెండు, జానెడు రబ్బరు పట్టీ కొంటిమి. అన్నిటికి కలిపి అయిన ఖర్చు ఆనాడు మేము టీకొట్టు ఆసామికి బలవంతముగ ఇచ్చిన దానికంటె తక్కువ. అతడు పుచ్చుకొనుటకు ఒప్పుకొనక, “పేరు దొరికింది కదా బాబుగారూ, చాలు, టీ తాగి వెళ్ళండి” అనెను. విరిగిన పాత స్క్రూ మొక్కను మేము పారవేయలేదు. ఇంటిలో కారు తాళపుచెవి పెట్టు పళ్ళెములో వేసి యుంచితిమి. తాళపుచెవి తీసినప్పుడెల్ల అది చేతికి తగులుచుండును.